చేపల ఐసు ఇచ్చిన అన్నకి

రాత్రి ఒంటిగంట దాటింది. ఆరు రోజులుగా కంటి మీద సరిగ్గా కునుకు లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి. పొద్దున్న మైక్రోస్కోపులో చూసిందాని గురించి ఈ నాలుగు ముక్కలూ రాయకుండా పడుకుంటే నిద్ర పట్టేలా లేదు.

నాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. చేసేది వైరాలజీ. దగ్గు, రొంప, ఆయాసం తెప్పించే వైరస్‌ల వెంట తిరగడమే ఉద్యోగం. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది ల్యాబులో అడుగుపెట్టాను. 2020 మేలో సూరత్ నుంచి వలస కూలీల రైళ్ళు గంజాం జిల్లాకి వచ్చినప్పుడు పీపీఈ కిట్టులో చెమటతో స్నానాలు చేశాను. ఇప్పుడు రెండేళ్ళుగా గజపతి జిల్లా కొండల మీద చంటిపిల్లల ముక్కుల్లో పుల్లలు పెట్టి చీమిడి తీస్తున్నాను. అంతా ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్) అనే వైరస్ కోసం. మనకొస్తే నాలుగు తుమ్ములు తుమ్మి మర్చిపోతాం. అదే రెండు నెలల పసిగుడ్డుకి వస్తే డొక్కలెగరేస్తుంది, పాలు పట్టలేదు, ఛాతీలో పిల్లికూతలు.

మా అమ్మకి, మా ఆయనకి, మా వాడికి థాంక్స్. వాళ్ళకి వేరే చెప్పాలా ఏంటి.

అసలు సంగతికొస్తాను. మొన్న శుక్రవారం సాయంత్రం మోహనా నుంచి బరంపురం బయల్దేరాం. నేను, ఫీల్డ్ కుర్రాళ్ళిద్దరు, డ్రైవరు. నా ఒళ్ళో వ్యాక్సిన్ క్యారియర్, అందులో నలభై ఒక్క ట్యూబులు. పొద్దుట్నుంచి ఊరూరా మూత తీసి వేసి, తీసి వేసి ఐస్ ప్యాకులు నీళ్ళయిపోయాయి. తప్తపాణి ఘాటీ దిగుతుంటే బండి ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. వాన. ఫోన్లో సిగ్నల్ లేదు. డ్రైవరు బానెట్ ఎత్తి చూసి, ఏమీ అనకుండా దించేశాడు. దాంతో మాకు అర్థమైపోయింది.

ట్యూబుల సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా ఏడుపు మీకు అర్థం కాదు. అవి రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. పీసీఆర్ పరీక్షకైతే వైరస్ శవం దొరికినా చాలు. కణాల్లో పెంచాలంటే మాత్రం ప్రాణంతో ఉండాలి, మాకు కావలసింది అదే. ఆర్‌ఎస్‌వీ బహు సుకుమారం. వేడి తగిలితే పోతుంది. పోనీ అని మామూలు ఫ్రీజర్లో పడేసి మెల్లగా గడ్డ కట్టించినా పోతుంది. ఆ నలభై ఒక్క మందీ ఎవరో కాదు, ఒళ్ళో బిడ్డని అదిమి పట్టుకుని, వాడు గుక్కపెడుతుంటే తామూ కళ్ళు తుడుచుకుంటూ "తియ్యండి" అన్న తల్లుల పిల్లలు. ఇంకోసారి వెళ్ళి మళ్ళీ ముక్కులో పుల్ల పెడతానని ఏ మొహంతో అడగను?

థర్మామీటరు 7.4 చూపిస్తోంది. పావుగంటకి 7.8.

అప్పుడొచ్చింది ఆ చేపల వ్యాను. సంతలో సరుకమ్మేసుకుని దిగుతోంది. దాటిపోయి, కొంత దూరంలో ఆగి, రివర్సులో వెనక్కొచ్చింది. గళ్ళ లుంగీ, ఎడమ బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది, ఐసు కొట్టే సుత్తి దెబ్బ కాబోలు. "ఏటైనాదప్పా, బండి సచ్చిపోనాదేటి?" అన్నాడు. ఆ ఘాటీలో, ఆ చీకట్లో ఇచ్ఛాపురం యాస వినబడేసరికి సగం ప్రాణం లేచొచ్చింది.

ఐసుందా అన్నా అని అడిగాను. ఒక పెట్టెలో సగం మిగిలిందన్నాడు. ఉప్పు కలిపారా అన్నాను, ఎందుకంటే ఉప్పు కలిపిన ఐసు సున్నా కిందకి పోతుంది, ట్యూబులు గడ్డకట్టేస్తాయి. ఆయన నన్ను వింతగా చూసి, "ఉప్పు ఏటికప్పా, సముద్రంలో తిన్నది సాలదా వాటికి" అన్నాడు.

అందులో ఏమున్నాయని అడిగితే దాచకుండా చెప్పాను. పిల్లల చీమిడి అని. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. వ్యానులోంచి థర్మోకోల్ పెట్టె దించి, ఐసంతా గోనె మీద పోసి, ఖాళీ పెట్టె నెత్తిన పెట్టుకుని వానలో నడుచుకుంటూ పోయాడు. పది నిమిషాలైంది, పావుగంటైంది, రాడు. మావాళ్ళలో ఒకడు "పారిపోయాడేమో మేడమ్" అన్నాడు. వ్యాను మా కళ్ళ ముందే ఉంది, ఎక్కడికి పారిపోతాడు!

వచ్చాడు. తప్తపాణి వేణ్ణీళ్ళ బుగ్గ నుంచి కిందకి పారే కాలవ దగ్గర, ఆ వేడినీళ్ళతో, ఒక రూపాయి షాంపూ పేకెట్టు పెట్టి పెట్టెని తోమి తెచ్చాడు. లోపల కొత్త పాలిథిన్ పరిచాడు, సీటు కింద కట్టలోంచి చింపి. నేనన్నాను, ఎందుకన్నా ఇంత, ట్యూబులు కవర్లలోనే ఉంటాయి కదా అని.

"పసిపిల్లలయి కదప్పా. సేపల వాసన పట్టేస్తాది" అన్నాడు.

అంతే. అక్కడ రోడ్డు మీద కూలబడి ఏడ్చేశాను. పీహెచ్‌డీ వైవాలో ఏడవలేదు. కోవిడ్‌లో పన్నెండు గంటల షిఫ్టులకీ ఏడవలేదు. ఆ ట్యూబుల మీద మాకు నంబర్లే కనబడతాయి. పేర్లు రాయకూడదని రూలు. ఆయనకి మాత్రం పసిపిల్లలు కనబడ్డారు.

పెట్టె తన వ్యాను ముందు సీట్లో పెట్టించాడు. నన్ను పక్కన కూర్చోమని, మిగతావాళ్ళని వెనక టార్పాలిన్ కింద ఎక్కించుకున్నాడు. దారంతా గొయ్యి వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కి, "ఎంతుందప్పా?" అని అడగడమే. 7.1. మలుపు. "ఎంతుంది?" 6. ఇంకో మలుపు. దిగపహండి చేరేసరికి 4. "సేపలకీ అంతే, ఇంక పరవాలేదు" అని తీర్మానించేశాడు.

దీనికి మందు లేదా అని అడిగాడు. ఆయన కూతురికీ చిన్నప్పుడు డొక్కలెగరేశాయట, విశాఖపట్నం దాకా ఎత్తుకెళ్ళారట. "ఇప్పుడు తొమ్మిదో తరగతి, నన్నే తిడతాది" అన్నాడు మురిసిపోతూ. నాకు తెలిసింది చెప్పాను. 1956లో ఇది ముందు చింపాంజీలకి పట్టిన జలుబులో దొరికింది, మరుసటేడు పసిపిల్లల్లో. 1960లలో ఒక టీకా చేసి అమెరికాలో పిల్లలకి వేస్తే జబ్బు తగ్గకపోగా ముదిరింది, ఇద్దరు బిడ్డలు చనిపోయారు. ఆ భయంతో ఏళ్ళ తరబడి ఎవరూ ముందుకి కదల్లేదు. వైరస్ మన కణాన్ని కరుచుకోకముందు దాని ఒంటి మీదుండే ఎఫ్ ప్రోటీన్ ఏ ఆకారంలో ఉంటుందో 2013లో తేలింది. అప్పుడు దారి దొరికింది. 2023లో అమెరికాలో గర్భిణులకిచ్చే టీకాకి అనుమతి వచ్చింది, తల్లికి వేస్తే పుట్టబోయే బిడ్డకి రక్ష. అంతా విని, "మరి మోహనాకి ఎప్పుడొస్తాదప్పా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ థర్మామీటరు చూసుకున్నాను.

బరంపురంలో దింపి, డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి పెట్టేసుకున్నాడు. పేరు అడిగేలోపు వెనక లారీవాడు హారన్ కొట్టాడు, వ్యాను కదిలిపోయింది. నా ఫోను చచ్చి ఉంది, నంబరూ తీసుకోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇక ఇది రాయకూడదనుకున్నా, చెయ్యి ఆగట్లేదు. ఆ బండి తక్కువ రేటు కోట్ చేసినవాడికి కట్టబెట్టిన బండి. మార్చమని మూడు ఉత్తరాలు రాశాం. ఫీల్డ్ కుర్రాళ్ళకి నాలుగు నెలలుగా జీతం లేదు, పదకొండు నెలల కాంట్రాక్టు మనుషులు కదా, ఎవరికి చెప్పుకుంటారు. కోవిడ్ రోజుల్లో మమ్మల్ని నెత్తిన పెట్టుకున్నారు, యంత్రాలు కొన్నారు, చప్పట్లు కొట్టారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. సోమవారం ఖర్చుల కాగితం పెడితే ఐసుకి బిల్లు ఏదన్నారు. ఊరికే ఇచ్చారండీ అంటే, అలా అని లెటర్ రాయించుకు రమ్మన్నారు. ఈ సవర కొండల్లోనే తిరిగి జ్వరం తెచ్చుకుని, క్వినైన్ మింగి గిడుగు రామమూర్తి పంతులుగారు వినికిడి పోగొట్టుకున్నారు. ఆయనకెవరిచ్చారు టీఏ అని నన్ను నేను ఊరుకోబెట్టుకుంటుంటాను. ఇంకొకటి, మా ప్రాంతం పిల్లాడికి ఆయాసమొస్తే శ్రీకాకుళమో విశాఖో పరుగెడతారు. అక్కడ మంచమ్మీద ఉన్న బిడ్డ ఏ రాష్ట్రం లెక్కలోకి వస్తాడో పదహారేళ్ళుగా నాకు అంతుపట్టలేదు. వైరస్‌కేమో చెక్‌పోస్టు లేదు. సరే, ఆపుతాను.

పొద్దున్న ఏం చూశానో చెప్పనేలేదు. ఆ ట్యూబుల్లో కొన్నింటిని కణాల మీద వేసి ఐదు రోజులుగా కాపలా కాస్తున్నాం. ఆర్‌ఎస్‌వీ బతికుంటే పక్కపక్క కణాలు గోడలు కరిగి ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి, ఉడికిన సగ్గుబియ్యం గింజలు అంటుకుపోయినట్టు పెద్ద ముద్దలవుతాయి. ఆ వైరస్‌కి ఇంగ్లీషులో 'సిన్సీషియల్' అని పేరు పెట్టిందే ఆ లక్షణాన్ని బట్టి. ఈ పొద్దున్న ఆరింటికి రెండో ఫ్లాస్కులో ఆ ముద్దలు కనిపించాయి. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఉన్నాయి. అన్నా, మీ ఐసు పనిచేసింది.

మర్చిపోకముందే: ఆశా దీదీలందరికీ. చేతి గడియారం పెట్టుకుని నిమిషం పూర్తిగా బిడ్డ ఊపిరి లెక్కపెట్టేది వాళ్ళే. రెండు నెలల లోపైతే అరవై, ఏడాది లోపైతే యాభై, ఐదేళ్ళ లోపైతే నలభై, అంతకు చేరితే మాకు ఫోను. ఒక దీదీ గడియారం ఆగిపోతే గోడ గడియారం ఇంట్లోంచి మోసుకొచ్చింది.

అయ్యో, పశువుల ఆసుపత్రి ఇన్‌స్పెక్టరుగారు! ఆవులకి చూలు కట్టించే ఇంజక్షన్లకి తెచ్చుకున్న ద్రవ నైట్రోజన్ పోయిన వానాకాలంలో రెండుసార్లు మాకు పోశారు. ఆయన్ని మర్చిపోతే పాపం తగులుతుంది. శుక్రవారం రాత్రి తలుపు తీసి, అన్నం తినమన్న బరంపురం ల్యాబు వాచ్‌మన్ తాతకి. బండి దగ్గర వదిలేసిన సామాన్లు మర్నాడు తెచ్చిచ్చిన టీ కొట్టు మౌసీకి. సవరలో మా మాటలన్నీ ఓపిగ్గా తిప్పి చెప్పిన ఇంటర్ చదివే పిల్లకి, పరీక్షలకి చదువుకోనివ్వనందుకు సారీ కూడా.

ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్ళెవరైనా ఇది చదివితే, మోహనా సంతకి చేపలు తీసుకెళ్ళే, ఎడమ బొటనవేలి గోరు కమిలిన అన్న తెలిస్తే ఒక్క మాట చెప్పండి. ఆయన థర్మోకోల్ పెట్టె మా దగ్గరే ఉండిపోయింది. మూత అంచు కొద్దిగా విరిగింది, టేపు వేశాం. కడిగి పెట్టాం.