‘నోస్ఫెరాటు’ను సరైన ప్రింటుతో పెద్ద తెర మీద వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈమధ్య మీ సినిమా పేజీలో దయ్యాల సినిమాల మీద పెద్ద వ్యాసం వేశారు. బాగుంది. కానీ 1922 నాటి జర్మన్ మూకీ ‘నోస్ఫెరాటు’ను మాత్రం ఇప్పటివాళ్లకి నవ్వొస్తుందని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఫోన్లో ఉచితంగా దొరికే పాత కాపీ చూస్తే నవ్వు రావడం ఖాయం, నేను కాదనను. అయితే ఆ నవ్వుకి కారణం సినిమా కాదు, ఆ కాపీయే.

ఆ రోజుల్లో ఫిల్ముకి చీకట్లో బొమ్మ పట్టే శక్తి లేదు. రాత్రి సీన్లు కూడా పగటి వెలుగులోనే తీసి, ప్రింటుకి నీలం రంగు పట్టించేవారు. ప్రేక్షకుడికి నీలం కనిపిస్తే రాత్రి అన్నమాట. దీపం వెలిగే గదికి పసుపు ఛాయ, తెల్లవారుజాముకి గులాబీ. తర్వాత ఎవరెవరో రంగులు తీసేసి ఉత్త బ్లాక్ అండ్ వైట్‌లో నకళ్లు తీశారు. వాటిలో ఈ కథలోని రక్తపిశాచి కౌంట్ ఓర్లాక్ తన శవపేటికని తానే మోసుకుంటూ మిట్టమధ్యాహ్నం వీధిలో తిరుగుతున్నట్టు ఉంటుంది. చివర్లో అదే ఓర్లాక్ సూర్యకాంతి సోకి పొగలా కరిగిపోతాడు. ఇంతసేపూ ఎండలోనే తిరిగాడు కదా, ఇప్పుడేమైంది అని చూసేవాడికి అనిపించదా?

ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుందన్నది ఈ సినిమాతోనే బలపడిన ఆలోచన. ఈ సినిమాకి మూలమైన బ్రామ్ స్టోకర్ 1897 నవలలో రక్తపిశాచి డ్రాక్యులా పగలు కూడా తిరగగలడు, కాకపోతే శక్తులు తగ్గుతాయి. కోడి కూసేసరికి దయ్యం పారిపోయే కథలు అమ్మమ్మల దగ్గర విన్న మనకి ఈ ముగింపు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. రంగులు సరిగ్గా ఉంటే చాలు.

స్పీడు సంగతీ అంతే. తక్కువ వేగంతో నడపాల్సిన రీలుని టాకీల వేగంతో తిప్పితే గంటన్నర సినిమా గంట దాటగానే అయిపోతుంది, మనుషులు బొమ్మల్లా గెంతుతారు. ఒక్క సీను చెప్తాను. ఓడ అడుగున నావికుడు గొడ్డలితో ఒక పెట్టె పగలగొడతాడు. ఎలుకలు బయటికొస్తాయి. పక్క పెట్టెలోంచి ఓర్లాక్ లేస్తాడు. లేవడమంటే చెయ్యి ఆనించి, మోకాలు మడిచి లేవడం కాదు. పడుకున్నవాడు పడుకున్నట్టే, నడుం వంగకుండా, నిట్టనిలువుగా పైకి వస్తాడు. ఆ నెమ్మదిలోనే భయమంతా ఉంది. ఆ తర్వాత ఓడ కెప్టెన్ తనని తాను చుక్కానికి కట్టేసుకుంటాడు. ఓడ నడిపే దిక్కు లేకుండానే రేవులోకి జారుకుంటూ వస్తుంది. కేక లేదు, ఢాం అనే సౌండ్ ఎఫెక్ట్ లేదు. ఇప్పటి హారర్ సినిమాల్లో పావుగంటకోసారి చెవులు చిల్లులు పడేలా మోగించేవాళ్లు ఈ ఒక్క రీలు చూస్తే బాగుండును.

దర్శకుడు ఎఫ్.డబ్ల్యు. మూర్నౌ అంతా స్టూడియోలో సెట్లు వేసి తీయలేదు. విస్మార్, ల్యూబెక్ ఊళ్ల అసలు వీధులు, ఇప్పటి స్లొవాకియాలోని ఒరావా కోట, ఆ పక్క కొండలు. నిజమైన చోట్లలో అబద్ధపు మనిషిని నిలబెట్టాడు. ఓర్లాక్ వేషం వేసిన మాక్స్ ష్రెక్ తెర మీద ఉండేది చాలా కొద్ది నిమిషాలే. మెట్లెక్కే ఆ గూనినీడ మాత్రం సినిమా చూడనివాళ్లకి కూడా తెలుసు.

ఇంతకీ ఈ సినిమా మిగలడమే ఒక వింత. ప్రానా అనే కంపెనీ స్టోకర్ నవల హక్కులు కొనకుండా, పేర్లు మార్చేసి దీన్ని తీసింది. స్టోకర్ 1912లోనే పోయారు. భార్య ఫ్లోరెన్స్ కోర్టుకెక్కారు. కంపెనీ దివాలా తీసింది, ఒక్క పైసా రాలేదు. చివరికి 1925లో ప్రింట్లన్నీ నాశనం చేయాలని బెర్లిన్ కోర్టు తీర్పిచ్చింది. ఆవిడని విలన్ని చేసి రాసేవాళ్లున్నారు, నాకది నచ్చదు. భర్త పుస్తకాన్ని అడక్కుండా వాడుకుంటే ఏ భార్య ఊరుకుంటుంది? కాకపోతే అప్పటికే కొన్ని కాపీలు దేశం దాటాయి. పారిస్‌లోని సినిమాటెక్ ఫ్రాన్సేజ్ అనే ఫిల్మ్ ఆర్కైవ్‌లో రంగులు పట్టించిన పాత ప్రింటు ఒకటి దొరికింది. దాన్ని ఆధారం చేసుకుని, తక్కిన ముక్కలు వేరేచోట్ల నుంచి తెచ్చి అతికి, జర్మనీలోని మూర్నౌ ఫౌండేషన్ 2006 నాటికి మళ్లీ నిలబెట్టింది. చూడాల్సింది ఆ ప్రింటు.

మరి మన సంగతి? ‘నోస్ఫెరాటు’కి ఒక ఏడాది ముందే, 1921లో, రఘుపతి వెంకయ్య గారు, వారబ్బాయి ప్రకాష్ కలిసి మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. తెలుగువాళ్లు తీసిన తొలి మూకీ. ఇవాళ అది ఎక్కడా లేదు. తగలబెట్టమని ఏ కోర్టూ చెప్పలేదు, దాచాలని ఎవరికీ తోచలేదు. దేశం మొత్తమ్మీద తీసిన పదమూడు వందల పైచిలుకు మూకీల్లో మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టే స్థితి. వెంకయ్య గారి పేర అవార్డు మాత్రం ఇస్తున్నాం.

అందుకని తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖకి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. రవీంద్రభారతిలో పైడి జైరాజ్ పేరుతో ప్రివ్యూ థియేటర్ ఉంది. జైరాజ్ మూకీల కాలంలోనే బొంబాయి వెళ్లి నటుడైన కరీంనగర్ మనిషి, తర్వాత ఫాల్కే అవార్డు అందుకున్నవారు. ఆయన పేరున్న హాల్లో నెలకో మూకీ వేయడం ఎంత పని? హైదరాబాద్‌లో జర్మన్ భాషా సాంస్కృతిక కేంద్రం గోథె సెంట్రమ్ ఉంది, జర్మన్ ప్రింటు కోసం వాళ్లని అడగొచ్చు. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి ఫాల్కే తీసిన ‘కాళీయ మర్దన్’ తెప్పించొచ్చు. విజయవాడ, విశాఖల్లోనూ ఇలాంటి ఏర్పాటు జరిగితే మరీ మంచిది.

ఒక్క షరతు. పెన్‌డ్రైవ్‌లో ఏదో కాపీ తెచ్చి, దానికి దొరికిన బీజీఎం తగిలించి వేయొద్దు. మూకీలు ఆడిన రోజుల్లో హాల్లోనే పియానోనో, ఆర్కెస్ట్రానో వాయించేవారు. ‘నోస్ఫెరాటు’ కోసం హన్స్ ఎర్డ్‌మన్ ప్రత్యేకంగా సంగీతం కట్టాడు కూడా. మన సంగీత కళాశాలల్లో వయొలిన్, మృదంగం, ఘటం వాయించే పిల్లలకి కొదవ లేదు. ముందుగా నాలుగు రిహార్సళ్లు వేయించి, తెర పక్కన కూర్చోబెట్టండి. వాళ్లకి పారితోషికం ఇవ్వడానికి టికెట్ పెట్టినా కొనేవాళ్లున్నారు, నాతో సహా.

మీరు కూడా ఇకపై పాత సినిమా గురించి రాసేటప్పుడు ఏ ప్రింటు చూడాలో ఒక లైను చేర్చండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
హైదరాబాద్