నా ప్రశ్న కొట్టేసిన కార్యదర్శి మేడంకు కృతజ్ఞతలు

ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ప్రాజెక్టు రిపోర్టు నిన్ననే హనుమకొండలో ఇచ్చేశాను. పర్వతగిరి మండలంలో ఒక ఊరి పంచాయతీ వాళ్లు లేకపోతే అది పూర్తయ్యేది కాదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. గంగదేవిపల్లిలా దేశమంతా పేరు మోసిన ఊరు కూడా కాదిది.

నా టాపిక్ గ్రామ పంచాయతీల్లో పరివర్తనాత్మక నాయకత్వం. 1978లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ మాక్‌గ్రెగర్ బర్న్స్ చెప్పిన మాటను తర్వాత బెర్నార్డ్ బాస్ విస్తరించాడు. పని చెప్పి, చేయించుకుని, జీతమిచ్చే నాయకుడు వేరు, కింది వాళ్లను ఆలోచించనిచ్చే నాయకుడు వేరు అని దాని సారం. సర్పంచుల కోసం ప్రశ్నలు రాసుకున్నాను. తీరా వెళ్తే సర్పంచే లేడు! 2024 ఫిబ్రవరి మొదట్లోనే వాళ్ల గడువు ముగిసి, నేను వెళ్లినప్పుడు ప్రత్యేకాధికారుల పాలన నడుస్తుండేది. (ఇది ముందే తట్టలేదా అని నవ్వకండి.) రోజూ కనిపించేది కార్యదర్శి మేడం, పన్నులు, లెక్కలు చూసే కారోబార్ అన్న, ఊడ్చడం నుంచి అన్ని పనులూ చేసే మల్టీపర్పస్ వర్కర్లు.

"మీ పైవాళ్లు కొత్త ఆలోచనలను ప్రోత్సహిస్తారా?" అని ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "మంచిగనే చూస్తరు." మేడం పక్కనే కూర్చుంటే ఇంకేమంటారు? రెండో రోజు మేడమే నా కాగితం తీసుకుని ఆ ప్రశ్న కొట్టేశారు. "ఈ మధ్య మీ మాట విని ఏం మార్చిండ్రు అని అడుగమ్మా. నేను ఇక్కడ ఉండను" అని ఊరి మొక్కల నర్సరీకి వెళ్లిపోయారు.

అప్పుడు నోరు విప్పింది చెత్త ట్రాక్టర్ వెంట నడిచే అమ్మ. సీసపెంకులు చేతికి గుచ్చుకుంటున్నాయి, వాటిని వేరుగా వేయడానికి ట్రాలీకి యూరియా బస్తా ఒకటి కట్టుకుంటానని మేడంను అడిగిందట. "వారం చూడు అన్నది బిడ్డా. వారమైనంక నాలుగు బస్తాలైనయ్."

కారోబార్ అన్న ఉపాయం మాత్రం బెడిసికొట్టింది. పొద్దున ఊరంతా పనులకు పోతోంది కదా, బండి సాయంత్రం తిప్పుదామన్నాడట. పొలం నుంచి అలసిపోయి వచ్చినవాళ్లు చెత్తబుట్ట పట్టుకుని ఎక్కడ బయటికొస్తారు! నాలుగో రోజుకే మళ్లీ పొద్దున బండి. ఆయన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఆయనే నవ్వుతూ చెప్పాడు. రిపోర్టులో బస్తాల కంటే దీనికే ఎక్కువ పేజీలిచ్చాను.

మేడం, ఆఖరి బస్సు తప్పిపోయిన రోజు స్కూటీ మీద క్రాస్‌రోడ్డు దాకా దింపినందుకు కూడా థ్యాంక్స్. సోమవారం రిపోర్టు కాపీ తెస్తున్నాను. ఆ అమ్మకు చదివి వినిపిస్తానని మాటిచ్చాను, ట్రాక్టర్ ఊరు చుట్టి వచ్చేదాకా ఆఫీసులోనే కూర్చుంటా.