పాస్టర్లకీ పూజారులకీ ఇమాములకీ కూడా ఈ చట్టం తెలియాలి

ఎడిటర్ గారికి,

గృహహింస మీద మీరు వేసే వార్తలన్నీ పోలీస్ స్టేషన్ నుంచే మొదలవుతాయి. కానీ మొగుడు కొడుతున్నాడని ఏ ఆడపిల్లా ముందు స్టేషన్‌కి పోదు. అమ్మకి చెప్పుకుంటుంది, తర్వాత పాస్టరమ్మ గారికో, మసీదు కమిటీ పెద్దకో, ఊళ్లో పెద్దమనుషులకో. అక్కడ ఏం చెప్పి పంపిస్తున్నారో ఎవరూ రాయరు.

మాకు తెలిసినావిడ వాచిపోయిన చేతికి కొంగు చుట్టుకుని శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వెళ్తే, "లోబడి ఉండమ్మా, ప్రభువే ఆయన మనసు మారుస్తాడు" అని పంపించేశారు. బైబిల్లో భార్యని లోబడమన్న చోటుకి మూడు వచనాల కిందే, క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు భార్యని ప్రేమించమని మగవాళ్లకీ ఉంది, మరి అది ఆయన్ని కూర్చోబెట్టి చదివి వినిపించాలి కదా! మా హిందువుల్లోనూ అంతే, పీటల మీద నాతిచరామి అని ప్రమాణం చేసేది పెళ్లికొడుకే అయినా పంచాయితీలో సర్దుకుపొమ్మనేది మాత్రం అమ్మాయికే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 80 మందికి పైగా ఆడవాళ్లే ఏదో ఒక కారణానికి భర్త కొట్టొచ్చన్నారు. అది చదివి నాకు కడుపు తరుక్కుపోయింది. ఇంతలా నాటుకుపోయిన మాటని పోలీసులు మార్చలేరు, ఆ ఆడవాళ్లు నమ్మే పెద్దలే మార్చాలి.

చట్టం అంటే కాపురం కూలుతుందని ఈ పెద్దల భయం. 2005 గృహహింస చట్టం కింద విడాకులు అడగక్కర్లేదు. అదే ఇంట్లో ఉంటూ, భర్త కొట్టకుండా మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు, దాన్ని మీరితే ఏడాది దాకా జైలు. ఏ మతం వాళ్లకైనా ఇదే. కాపురం నిలబడాలనుకునే పాస్టర్ గారికైనా ఇమాం గారికైనా ఇందులో అభ్యంతరం ఏముంటుంది?

ఒక్కటి మాత్రం చేయొద్దని దండం పెట్టి అడుగుతున్నా. మొగుడూ పెళ్లాలిద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఏమైందో చెప్పమ్మా" అనకండి. ఆమె నోరు విప్పదు, విప్పితే ఆ రాత్రి ఇంట్లో ఇంకో నాలుగు దెబ్బలు తింటుంది. విడిగా అడగండి, ఆమె సరేనంటే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటర్‌కి తోడు వెళ్లండి.

మహిళా శిశు సంక్షేమ శాఖ వాళ్లు ప్రతి మండలంలో ఈ పెద్దలందరినీ ఒక పూట పిలిచి ఇది చెప్పాలి. మీరు కూడా జిల్లా పేజీలో సఖి సెంటర్ల అడ్రసులు వారానికోసారైనా వేయండి.

- ఒక పాఠకురాలు, తెనాలి