ఫైల్లో మీ చేతి పనేదీ?

సంపాదకులకు,

తిరుపతిలో చీరల డిజైనింగ్ షాపు నడుపుతున్నాను. పనికోసం వచ్చే పిల్లల ఫైల్లో సర్టిఫికెట్లే ఎక్కువ. మొన్న శ్రీకాళహస్తి నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఫోన్ నిండా కలంకారీ ఫోటోలు. ఏది తను గీసిందో అడిగితే తడబడింది. చివరికి సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసింది. కరక్కాయ, పాలు పట్టించిన బట్ట. దానిమీద బెల్లం, తుప్పు ఇనుము ఊరబెట్టిన నల్లరంగుతో సగం గీసిన నెమలి. మెడ దగ్గర రంగు పాకింది. పాలు సరిగా పట్టలేదని తనే చెప్పింది. నాకు ఆ ముక్కే చాలింది, పనిలో పెట్టుకున్నాను. (ఆ ఫోటోలు ఇంకా పూర్తిగా చూడనేలేదు!)

కాలేజీల్లో ప్లేస్‌మెంట్లు చూసే సార్లకు నా విన్నపం ఒకటే. ఫైల్లో ఐదారు పనులు చాలు, ఒక్కోదాని కింద తమ వంతు ఎంతో రెండు వాక్యాలు రాయమని పిల్లలకు చెప్పండి.

– ఒక షాపు యజమాని, తిరుపతి