ఆ ఆరు నెలలూ ఎవరు సంపాదించాలి?

కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

గర్భిణులకూ బాలింతలకూ నగదు సాయం చేసే ప్రధానమంత్రి మాతృ వందన యోజనకు దరఖాస్తు చేసేటప్పుడు భర్త ఆధార్ తప్పనిసరి అన్న నిబంధనను మీ శాఖ 2022లో తొలగించింది. 2017లో పథకం మొదలైనప్పటి నుంచీ భర్త వదిలేసిన గర్భిణులనూ, పెళ్లి కాకుండా తల్లులైనవారినీ వెనక్కి పంపడానికి ఆ ఒక్క కాగితం చాలింది. అది పోయినందుకు ముందుగా కృతజ్ఞతలు. అది పోయాక కూడా మిగిలిన చిక్కుల గురించే ఈ లేఖ. ఒంటరి మహిళలకు దరఖాస్తులు నింపిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి విన్నవి కాదు, చూసినవే రాస్తున్నాను.

ఢిల్లీలో మారిన నిబంధన దరఖాస్తు తీసుకునే బల్ల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. భర్త పేరు రాయాల్సిన గడి ఖాళీగా కనిపిస్తే ఇప్పటికీ కాగితం తిప్పి ఇచ్చేస్తారు. కొందరు అంగన్‌వాడీ కార్యకర్తలు జాలిపడి అక్కడ ఆమె తండ్రి పేరు రాసేస్తారు. ఆ పేరు తర్వాత ఏ కాగితంతోనూ కలవదు. మంచి మనసుతో చేసిన పనే కొత్త తలనొప్పి అవుతుంది.

ఇక డబ్బు సంగతి. మంజూరైన సొమ్ము ఆధార్‌కు చివరిగా జతపడిన బ్యాంకు ఖాతాలోకి వెళుతుంది. అది ఏ ఖాతానో చాలామంది మహిళలకు తెలియదు. నాకు తెలిసిన ఒకామెకు మొదటి విడత 3,000 రూపాయలు జమ అయినట్టు ఫోనుకు సందేశం వచ్చింది. ఏడో నెల కడుపుతో బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్‌లో పద్దు వేయించుకుంటే అందులో ఏమీ లేదు. ఆరా తీయగా తేలిందేమిటంటే, కాపురం చేసిన రోజుల్లో అత్తవారి ఊళ్లో తెరిచిన ఖాతాకు ఆమె ఆధార్ జతై ఉంది. ఆ ఖాతా ఏటీఎం కార్డు భర్త దగ్గర ఉంది. మూడు వేలూ అప్పటికే తీసేసుకున్నాడు. కడుపుతో ఉన్న భార్యను వదిలేసినవాడికే ప్రభుత్వం మాతృ వందనం చేసినట్టయింది.

రేషన్ కార్డుదీ ఇదే తీరు. అర్హతకు చూపించదగ్గ పత్రాల్లో పేదల చేతిలో సాధారణంగా ఉండేది అదే. అది మనిషిది కాదు, కుటుంబానిది. పుట్టింటికి తిరిగొచ్చినామె పేరు అత్తవారి కార్డులోనే ఉండిపోతుంది. అక్కడ తీసివేస్తే తప్ప ఇక్కడ చేర్చరు. తీసివేయమని అడగడానికి మళ్లీ ఆ గడపే ఎక్కాలి.

అయినా మంత్రి గారూ, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయనే అనుకుందాం. అప్పుడు దక్కేదెంత? మొదటి కాన్పుకు రెండు విడతల్లో 5,000 రూపాయలు. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకూ తల్లిపాలు తప్ప మరేమీ పట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, మన అంగన్‌వాడీలూ అదే చెబుతాయి. మంచి మాటే. అందుకు తల్లి బిడ్డ దగ్గరే ఉండాలి, ఉంటే కూలి పోతుంది. ఇంట్లో ఇంకో సంపాదన ఉంటే ఎలాగో నెట్టుకొస్తారు. ఒంటరి తల్లికి ఆ ఇంకో సంపాదన లేదు. 5,000 రూపాయలను 180 రోజులకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా రావు. అందులో 2,000 జనన నమోదు జరిగి, మొదటి దఫా టీకాలన్నీ పూర్తయ్యాక, అంటే బిడ్డకు మూడు నెలలు దాటాక గానీ అందవు. పచ్చి బాలింతగా మంచం దిగలేని వారాల్లో చేతికి పైసా రాదు. ఈ పథకం రాసినవారు ఇంట్లో మగవాడు సంపాదిస్తుంటాడన్న లెక్కతోనే రాశారని నా అనుమానం.

ప్రసూతి సాయం 6,000 రూపాయలకు తగ్గకూడదని జాతీయ ఆహార భద్రతా చట్టం 2013లోనే చెప్పింది. అప్పటి నుంచీ ఆ అంకె కదలలేదు. తమిళనాడు తన సొంత పథకం కింద పోషకాహార కిట్లతో కలిపి 18,000 రూపాయల సాయం ఇస్తోంది కాబట్టి ఇది చేతకాని పనేమీ కాదు. రెండో కాన్పు అయితే ఆడపిల్ల పుడితేనే కేంద్ర సాయం. ఆడపిల్లల కోసం పెట్టిన నియమం అని తెలుసు. కానీ రెండోసారి గర్భంతో ఉండగా భర్తను పోగొట్టుకున్నామె, మగబిడ్డ పుట్టాడన్న కారణంగా ఒట్టి చేతులతో మిగలాలా?

2017లో చట్టం సవరించి ఉద్యోగినుల ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. పొలం పనికీ ఇళ్లలో పాచిపనికీ వెళ్లేవారికి ఆ చట్టంతో ఒరిగిందేమీ లేదు.

స్పెయిన్‌లో తల్లికీ తండ్రికీ చెరో 16 వారాల సెలవు ఉండేది. తండ్రి లేని బిడ్డకు అందులో ఒకరి వాటా మాత్రమే దక్కడం ఆ బిడ్డ పట్ల వివక్షేనని 2024 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. మరుసటి ఏడు ఒంటరి తల్లిదండ్రుల సెలవు 32 వారాలకు పెరిగింది. లెక్క దంపతుల వైపు నుంచి కాకుండా బిడ్డ వైపు నుంచి వేశారు. నేను మిమ్మల్ని అడుగుతున్నదీ అదే. ఇంట్లో మరో సంపాదన లేని తల్లికి కనీసం రెట్టింపు సాయం ఇవ్వండి. దాన్ని ఆరు నెలలపాటు నెలనెలా ఇవ్వండి, మొదటి వాయిదా కాన్పుకు ముందే చేరాలి. ఒంటరితనానికి రుజువుగా ఆమె స్వీయ ధ్రువీకరణ చాలనండి. పెళ్లి కాని తల్లి జనన ధ్రువీకరణ పత్రం అడిగితే ప్రమాణపత్రం ఒక్కటి తీసుకుని ఇవ్వాలని సుప్రీంకోర్టు 2015లోనే ఆదేశించింది. ఆ తీర్పు నకలు ప్రతి నమోదు కార్యాలయంలోనూ ఉండేలా చూడండి. తండ్రి పేరు దగ్గర జనన నమోదు ఆగితే రెండో విడత కూడా ఆగిపోతుంది.

వీటిలో కొన్నింటికి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి, సమయం పడుతుందని తెలుసు. బ్యాంకు ఖాతా సంగతికి అదేమీ అక్కర్లేదు. దరఖాస్తు తీసుకునే రోజే ఆమె ఆధార్ ఏ బ్యాంకుకు జతై ఉందో చూసి, ఆమెకు చదివి వినిపించి, కావాలంటే మార్పించాకే డబ్బు పంపమని ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. అది ఈ నెలలోనే ఇవ్వండి.

ఇట్లు,
దరఖాస్తులు నింపిపెట్టే ఒక పౌరురాలు