రెండో కనెక్షన్ తీసుకోకు మామా

మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. పాపకి లాప్‌టాప్ కొన్నారంటే చాలా సంతోషంగా ఉంది. కానీ దానికోసం ఇంకో ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకోమని మీ ఆపరేటర్ మనిషి చెప్పాడన్నావే, ఆ పని మాత్రం చెయ్యొద్దు. నెలనెలా ఇంకో బిల్లు ఎందుకు? ఫోన్లో చెబితే రంగులూ నంబర్లూ గుర్తుండవు కాబట్టి రాసి పంపుతున్నాను. దగ్గర పెట్టుకుని చేయించు.

మీది 100 ఎంబీపీఎస్ (నెట్ వేగం కొలత) ప్లాన్ కదా. పాప వీడియో క్లాసు మంచి క్వాలిటీతో నడిచినా మూడు నాలుగు ఎంబీపీఎస్ సరిపోతుంది. నువ్వు పెళ్ళికార్డుల ఫైళ్ళు ప్రెస్‌కి పంపుతున్నా, హాల్లో టీవీ నడుస్తున్నా బోలెడంత మిగులుతుంది. బయటినుంచి మీ ఇంటికి వచ్చేది ఒకటే అడ్రసు. లోపల ఉన్న ప్రతి మెషిన్‌కీ 192.168తో మొదలయ్యే సొంత నంబరు రౌటరే ఇస్తుంది. ఒక డోర్ నంబరుకి వచ్చిన ఉత్తరాలని ఇంట్లో ఎవరివి వాళ్ళకి పంచినట్టు, ఏ మెషిన్ అడిగింది ఆ మెషిన్‌కి చేరుస్తుంది. హాల్లో ఫైబర్ వైరు గుచ్చిన ఆ తెల్ల డబ్బాలోనే ఈ రౌటర్ కూడా ఉంది. వెనక ఎల్ఏఎన్ (LAN) అని రాసిన పోర్టులు, అంటే నెట్ వైరు గుచ్చే చోట్లు, ఖాళీగా ఉంటాయి చూడు. నీకు కావలసినదంతా అక్కడే ఉంది.

నీ అసలు ఇబ్బంది డెస్క్‌టాప్‌కి వైఫై లేకపోవడం, అది వీధి గదిలో ఉండటం. వైఫై అందుకునే చిన్న యూఎస్‌బీ డాంగిల్ కొంటే పని జరుగుతుంది గానీ, మధ్యలో రెండు గోడలున్నాయి, పైగా నీది రోజంతా పెద్ద ఫైళ్ళతో పని. డెస్క్‌టాప్‌కి వైరు, లాప్‌టాప్‌కి వైఫై. ఇదే సరైన పద్ధతి.

వైరు వేసేదాకా పని ఆగకూడదంటే ఈ రోజే ఒకటి చెయ్యొచ్చు. లాప్‌టాప్‌ని వైఫైకి కలిపి వీధి గదిలోకి తెచ్చి, ఒక ఎల్ఏఎన్ వైరుతో దాన్నీ డెస్క్‌టాప్‌నీ కలుపు. లాప్‌టాప్‌కి ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. లాప్‌టాప్ కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి, వైఫై మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్. అక్కడ ఇతరులు ఈ కనెక్షన్ వాడుకోవచ్చనే గడికి టిక్ పెట్టు. డెస్క్‌టాప్‌కి 192.168.137తో మొదలయ్యే నంబరు వస్తే అయిపోయినట్టే. 169.254తో మొదలైతే దానికి ఎవరూ నంబరు ఇవ్వలేదని అర్థం. వైరు, టిక్కు మళ్ళీ చూసుకో.

దిల్‌సుఖ్‌నగర్ రూములో మనం చేసింది ఇదే కదా! విండోస్ ఎక్స్‌పీ, బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్, 256 కేబీపీఎస్. రెండు కంప్యూటర్లని నేరుగా కలపడానికి క్రాసోవర్ వైరు అని విడిగా చేయించుకునేవాళ్ళం. ఇప్పటి పోర్టులు వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి ఏ వైరైనా పనిచేస్తుంది. రాత్రి రెండింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా డౌన్‌లోడ్ ఫ్రీ అని అలారం పెట్టుకుని లేచేవాళ్ళం. నీ సిస్టమ్ ఆపేస్తే నాకూ నెట్ పోయేది. ఈ పద్ధతికి అప్పుడూ ఇప్పుడూ ఉన్న చిక్కు అదే. పాప లాప్‌టాప్ తీసుకుని కాలేజీకి వెళ్తే నీ పని ఆగిపోతుంది. అందుకే దీన్ని రెండు మూడు రోజులకే వాడు.

ఇక హాల్లో రౌటర్ నుంచి డెస్క్‌టాప్‌కి వేసే అసలు వైరు. క్యాట్ 6 రకం నెట్ వైరు అడుగు, లోపల తీగ పూర్తి రాగిదే కావాలని గట్టిగా చెప్పు. అల్యూమినియం మీద రాగి పూత పూసినది చవగ్గా అంటగడతారు. అది వంచితే విరుగుతుంది. 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు, మీ ఇంటికి అందులో నాలుగో వంతు కూడా పట్టదు. కరెంటు వైర్లున్న పైపులోంచి మాత్రం లాగనివ్వకు. చివర కనెక్టర్ గుచ్చేటప్పుడు రెండు వైపులా ఒకే వరుస ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. రంగులు తోచినట్టు గుచ్చినా ఒక్కోసారి నెట్ వస్తుంది, కానీ తర్వాత ఏడిపిస్తుంది. 100 స్పీడుకి నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కి, అంటే ఒక జీబీపీఎస్ (1000 ఎంబీపీఎస్) స్పీడుకి, ఎనిమిదీ సరిగ్గా తగలాలి. కాబట్టి రెండు చివరలా కనెక్షన్ ఒక జీబీపీఎస్ అని చూపిస్తోందో లేదో చూశాకే డబ్బులివ్వు. రౌటర్ పోర్టుల్లో కొన్ని 100 వరకే ఉంటాయి, పక్క పోర్టులో కూడా పెట్టి చూడు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. రెండూ ఒకే రౌటర్ మీదకి వచ్చాక ఇంటర్నెట్ లేకపోయినా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. పెన్‌డ్రైవ్ పట్టుకుని మేడ ఎక్కి దిగక్కర్లేదు. డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్‌ని ప్రైవేట్‌గా మార్చి, ఒక్క ఫోల్డరు మాత్రం షేర్ చెయ్యి. లాప్‌టాప్ ఎక్స్‌ప్లోరర్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, తర్వాత డెస్క్‌టాప్ పేరు కొడితే తెరుచుకుంటుంది. నువ్వు కింద డిజైన్ చేస్తుంటే చెల్లెమ్మ పైన కూర్చుని ప్రూఫ్ చూడొచ్చు. అను అనే తెలుగు డీటీపీ ఫాంట్లలో చేసిన ఫైలు అక్షరాలు సరిగ్గా కనబడాలంటే లాప్‌టాప్‌లో కూడా ఆ ఫాంట్లు ఉండాలి. లేకపోతే పీడీఎఫ్ చేసి ఆ ఫోల్డర్లో పడెయ్యి. పాప ప్రాజెక్టు రిపోర్టులు కూడా పై నుంచే నీ ప్రింటర్‌కి పంపుకోవచ్చు, డెస్క్‌టాప్‌లో ప్రింటర్‌ని కూడా షేర్ చేసి, రెండూ ఆన్‌లో ఉంచితే చాలు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. కార్డుల కోసం వచ్చినవాళ్ళు వైఫై పాస్‌వర్డ్ అడుగుతారు. నువ్వు కాదనలేవు, నాకు తెలుసు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ అని ఉంటే అది ఆన్ చేసి ఆ పాస్‌వర్డ్ ఇవ్వు. నెట్ వస్తుంది, నీ ఫోల్డర్ల జోలికి రాలేరు. పాప లాప్‌టాప్ పొరపాటున ఆ గెస్ట్‌లోకి వెళ్తే మాత్రం డెస్క్‌టాప్ కనబడదు, అప్పుడు కంగారుపడకు. డబ్బా కింద స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్ ఈ రోజే మార్చెయ్యి. రౌటర్ సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా.

ఆదివారం మధ్యాహ్నం నేను ఖాళీ. వైరు వేసే అబ్బాయిని అప్పుడు పిలిస్తే వీడియో కాల్‌లో నేనూ ఉంటాను. వైరు కొనేముందు దాని మీద రాసి ఉన్నది ఫొటో తీసి పంపు. అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

ఉంటాను మామా.