శీతకాలపు ‘మూత్రపిండం’ వేరు, మన కిడ్నీ వేరు

సంపాదకుల వారికి నమస్కారములు.

చైనా సంప్రదాయ వైద్యం ప్రకారం శీతకాలంలో పాటించవలసిన నియమాలపై మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న వ్యాసాలను మొదటి వారం నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన నాకు ఆ వైద్యం మీద చులకన భావం లేదు. పొరుగు దేశం రెండు వేల ఏళ్లకు పైగా కాపాడుకుంటూ వచ్చిన ఆలోచనలను తెలుగువారికి అందించడం మంచి పనేనని నమ్ముతాను. అయితే శీతకాలం మూత్రపిండాల కాలమనీ, ఈ మూడు నెలలూ వాటికి బలమిచ్చే పదార్థాలు తినాలనీ ఆ వ్యాసాల్లో పదే పదే వస్తున్న మాట ఏ వివరణా లేకుండా అచ్చయితే ఎంత హాని జరుగుతుందో మా ఇంట్లోనే చూశాను కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అన్నయ్యకు డెబ్బై రెండేళ్లు. చాలాకాలంగా మధుమేహం ఉంది. ఆరేళ్ల క్రితం కిడ్నీల పనితీరు తగ్గిందని తెలిసినప్పటి నుంచి మందులతో, పథ్యంతో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపవలసిన వ్యర్థం, రక్తంలో ఇది పెరిగితే కిడ్నీ బలహీనపడినట్టు) రెండు దగ్గర నిలకడగా ఉంటూ వచ్చింది. నిరుడు డిసెంబరులో ఎవరో ఫోనుకు పంపిన ఇలాంటి సలహాలే చదివి, పొద్దున గుప్పెడు వాల్‌నట్లు, మధ్యాహ్నం రెండు నల్ల నువ్వుల ఉండలు, రాత్రి మేక కాళ్ల సూపు చొప్పున మొదలుపెట్టాడు. అది చాలదన్నట్టు కిడ్నీలకు బలమని పైన రాసి ఉన్న ఒక చూర్ణం పొట్లం కూడా ఎక్కడో కొన్నాడు. అందులో ఏమేం కలిపారో పొట్లం మీద ఒక్క అక్షరం లేదు. సంక్రాంతికి మేము వెళ్లేసరికి మనిషి నీరసించి ఉన్నాడు. “కాళ్లలో సత్తువ లేదు చెల్లెమ్మా, మెట్టు ఎక్కితే కూలబడుతున్నాను” అన్నాడు. కనుమ నాడు రక్తపరీక్ష చేయిస్తే పొటాషియం 6.2 వచ్చింది. అది ఐదు దాటితేనే జాగ్రత్తపడాలి. ఆరు దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ఆ రాత్రే ఆసుపత్రిలో చేర్చాము. ఏమేం తిన్నారో రాసి ఇమ్మని డాక్టరు గారు అడిగితే వదిన చీటీ మీద వరుసగా రాసి ఇచ్చింది. ఆయన మారుమాట లేకుండా ఎర్ర పెన్నుతో ఒక్కొక్క పదార్థం మీదా అడ్డగీత గీసుకుంటూ పోయారు. చూర్ణం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆగి, గీత కింద మరో గీత గీశారు.

వాల్‌నట్లలో, నువ్వుల్లో, చిక్కుడు జాతి గింజల్లో పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ. ఆరోగ్యవంతుడి కిడ్నీ వాటిని బయటికి పంపేస్తుంది, దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు. అంటే చైనా వైద్యం శీతకాలంలో మూత్రపిండానికి మంచివని చెప్పే పదార్థాల్లో చాలా వాటిని, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి నేటి వైద్యులు తగ్గించమనో మానమనో చెబుతారు. ఈ రెండు మాటలూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపించడానికి కారణం, అవి ఒకే అవయవం గురించి చెప్పినవి కాకపోవడమే.

చైనా వైద్యానికి మూలగ్రంథమైన ‘హువాంగ్‌డీ నేయ్‌జింగ్’లో షెన్ అనే మాటను మనం మూత్రపిండం అని అనువదించుకుంటున్నాము. వారి లెక్కలో షెన్ అంటే నడుము వెనుక చిక్కుడు గింజ ఆకారంలో ఉండి రక్తాన్ని వడకట్టే అవయవం ఒక్కటే కాదు. పుట్టుకతో వచ్చిన జీవసారాన్ని దాచి ఉంచే చోటు అది. ఎదుగుదల, సంతానశక్తి, ఎముకలు, మజ్జ, వినికిడి, తలవెంట్రుకల నలుపు అన్నీ దాని పరిధిలోనివే. ఆ సారాన్ని వారు జింగ్ అంటారు. మన ఆయుర్వేదంలోని ఓజస్సు దానికి కాస్త దగ్గరగా వస్తుంది. గుండె చెరువైందని ఎవరైనా అంటే మనం ఈసీజీ తీయించము, కడుపుమంట అన్న ప్రతి మాటకూ జెలుసిల్ ఇవ్వము, ఎందుకంటే అవి మన మాటలు, వాటి అర్థం మనకు తెలుసు. షెన్ మన మాట కాదు కనుక దాని అర్థం చెప్పవలసిన బాధ్యత అనువదించిన వారి మీద, అచ్చువేసిన వారి మీద ఉంటుంది. షెన్ బలహీనపడిందని చైనా వైద్యుడు అన్నప్పుడు ఆ మనిషి క్రియాటినిన్ మామూలుగానే ఉండవచ్చు. క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవాడికి షెన్ ఆహారం మందు కానక్కరలేదు.

మన ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో, అటు శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మీ పత్రికే ఎన్నోసార్లు రాసింది. ఆ ఇళ్లలో ‘మూత్రపిండం’ అన్న ఆ ఒక్క పదం చూడగానే మనిషి ఆశగా చదువుతాడు, చదివింది పాటిస్తాడు.

అసలు ఆ గ్రంథం శీతకాలం గురించి చెప్పినది వింటే ఎంతో ఆలోచింపజేస్తుంది. శీతకాలపు మూడు నెలలకూ అది ‘మూసి దాచుకునే కాలం’ అని పేరు పెట్టింది. నీరు గడ్డకట్టి నేల బీటలు వారే ఆ రోజుల్లో పెందలాడే పడుకుని ఆలస్యంగా లేవాలనీ, సూర్యుడు వచ్చేదాకా ఆగాలనీ, చలికి దూరంగా వెచ్చదనానికి దగ్గరగా ఉండాలనీ, చెమట పట్టించుకుని లోపలి శక్తిని వృథా చేసుకోకూడదనీ, అలా చేసినవాడు వసంతంలో నీరసించిపోతాడనీ చెబుతుంది. ధాన్యం పండించే మన ప్రాంతం వారికి ఇది విడమరిచి చెప్పవలసిన విషయమే కాదు. కుప్ప నూర్చాక ఎంత అవసరం ఉన్నా విత్తనపు గింజల మూట జోలికి పోకూడదన్నది మా తాతగారి ఇంట్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన నియమం. జింగ్ గురించి చదివినప్పుడల్లా నాకు ఆ అటక మీది మూటే గుర్తుకు వస్తుంది.

అయితే ఆ నియమాలు పుట్టిన చోటు ఉత్తర చైనా అన్న సంగతి మరవరాదు. డిసెంబరు 21న బీజింగ్‌లో పగలు సుమారు 9 గంటల 20 నిమిషాలే. మన విజయవాడలో అదే రోజున 11 గంటలు దాటుతుంది. అక్కడ జనవరి రాత్రులు సున్నాకు ఎంతో దిగువకు పోతాయి. ఇక్కడ 17, 18 డిగ్రీలకే మనం స్వెట్టరు తీస్తాము, మధ్యాహ్నానికి తిరిగి ఫ్యాను వేస్తాము. వారి పంచాంగంలో శీతకాలం నవంబరు 7, 8 తేదీల్లో వచ్చే ‘లీదోంగ్’తో మొదలవుతుంది. మనకు ఆ రోజుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, బంగాళాఖాతంలో వాయుగుండాలు ఉంటాయే తప్ప చలి ఎక్కడిది? వ్యాసకర్త ఆ తేదీ నుంచే మేక మాంసపు సూపులు మొదలుపెట్టమని రాయడం నాకు సబబుగా తోచలేదు. చైనా వైద్యులే కాలాన్ని బట్టి, చోటును బట్టి, మనిషిని బట్టి చికిత్స మారాలంటారు. ఆ మూలగ్రంథంలోనే తూర్పు వారికి రాతి సూదులు, పడమటి వారికి ఘాటైన మందులు, చలి ఎక్కువైన ఉత్తరాది వారికి సెగ చికిత్స, దక్షిణాది వారికి సన్నని సూదులు తగినవని చెప్పి ఉంది. ఆ సెగ పెట్టేది ఎండిన మాచిపత్రి జాతి ఆకుతోనే. వినాయక చవితి పత్రిలో మనం మొట్టమొదట సమర్పించే మాచీపత్రానికి దగ్గరి చుట్టం అది. ఇంత చక్కని సంగతి మీ వ్యాసాల్లో రాకపోవడం వెలితి అనిపించింది.

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యమైనది. శీతకాలానికి, షెన్‌కు సంబంధించిన రుచి ఉప్పు అని మీ వ్యాసం చెప్పి అక్కడితో ఆపేసింది. ఉప్పు మితిమీరితే నాడుల్లో రక్తపు నడక మందగించి రంగు మారుతుందని అదే ప్రాచీన గ్రంథం హెచ్చరించిన సంగతి కూడా చెప్పి ఉంటే బాగుండేది. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. ఆవకాయ, గోంగూర, చల్లమిరపకాయలు, అప్పడాలతో మనం ఆ హద్దును మధ్యాహ్న భోజనంతోనే దాటేస్తాము. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరిగే ఈ కాలంలోనే ఉప్పు మంచిదన్న మాట ఒంటరిగా అచ్చయితే బీపీ ఉన్నవారి గతి ఏమిటి? కారం విషయంలో మాత్రం వారి ఆలోచన మన జిల్లాలకు పనికివస్తుంది. చలికాలంలో ముల్లంగి, వేసవిలో అల్లం తింటే వైద్యుడి చీటీ అక్కరలేదని చైనాలో సామెత. చలికాలంలో ఒంటి వేడి లోపలికి చేరి ఉంటుంది కనుక ఘాటు తగ్గించి చలువ చేసేవి కాస్త చేర్చుకోవాలని దాని భావం. చలికదా అని కారప్పొడి రెట్టింపు చేసి చెమటలు పట్టేలా తినే మన గుంటూరు వారు ఇది ఒకసారి ఆలోచించవచ్చు.

ఆ వైద్యంలో నేను మనస్ఫూర్తిగా ఆదరించేది, మా ఇంట్లో పాటిస్తున్నది పడుకునే ముందు వేడినీళ్లలో పాదాలు నానబెట్టడం. పాదం అడుగున ఉండే ‘యోంగ్‌చ్వాన్’ అనే బిందువుతో షెన్ నాడి, అంటే ఒంట్లో షెన్ శక్తి ప్రవహించే దారి, మొదలవుతుందని వారు నమ్ముతారు. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, అరికాళ్లు వెచ్చబడితే నిద్ర త్వరగా పడుతుందన్నది మా అమ్మ విషయంలో రోజూ చూస్తున్నాను. ఇంత పెద్ద వయసులో కూడా ఆవిడే కుర్చీ ముందు టబ్బు పెట్టించుకుని, నీళ్లలో వేలు పెట్టకుండా మోచేయి ముంచి చూసి, “ఇంకో చెంబు చన్నీళ్లు పొయ్యి” అంటుంది. చంటిపిల్లలకు లాలపోసే నాటి నుంచి ఉన్న అలవాటది. పది నిమిషాలయ్యాక పాత పంచె ముక్కతో వేళ్ల సందులు కూడా ఆరేలా తుడుచుకుని, అరికాళ్లకు నువ్వులనూనె రాసుకుని పడుకుంటుంది. కానీ అన్నయ్యను ఈ పని చేయవద్దన్నాము. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గిన మనిషికి నీళ్లు కాలుతున్నాయని తెలియదు. బొబ్బలెక్కాక గాని చూసుకోడు, ఆ పుండు మానదు. మీ వ్యాసంలో ఈ హెచ్చరిక ఒక్క వాక్యమైనా లేదు.

సూర్యుడి కోసం ఆగమన్న సలహా కూడా మన పెద్దవారికి మేలు చేసేదే. భవానీపురం నుంచి పున్నమి ఘాట్ వైపు నడకకు వెళ్లే నేను ఇదివరకు ఐదింటికే బయలుదేరేదాన్ని. ఈ నెలల్లో ఆ వేళకు కృష్ణ మీద మంచు కమ్మి, రోడ్డు మీది పొగ, దుమ్ము పైకి పోకుండా ముఖం ఎత్తులోనే నిలిచి ఉంటాయి. ఇప్పుడు ఆరున్నర దాటి ఎండ పొడ పడ్డాకే వెళుతున్నాను, దగ్గు తగ్గింది. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడికి వెళ్లే పెద్దలను వద్దనలేము, అనకూడదు కూడా. గుండె జబ్బు ఉన్నవారు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, చెవులు కప్పుకుని, పక్కన ఒకరిని తోడు తీసుకుని వెళ్లాలని మాత్రం ఇంట్లోవారు చూసుకోవాలి.

ఇక మూలికల విషయం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికని చైనా మూలికల మాత్రలు వేసుకున్న స్త్రీలలో వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒక మూలిక స్థానంలో పేరు దగ్గరగా ఉన్న మరో మూలిక, అరిస్టోలోకియా, కలవడమే కారణమని ఆ తర్వాత వైద్యులు వెల్లడించారు. ఆ మూలికలోని ఆమ్లం క్యాన్సర్ కూడా కలిగిస్తుందని తేలింది. చైనా ప్రభుత్వమే తర్వాత ఆ జాతి మూలికలు కొన్నింటిని వాడుక నుంచి తొలగించింది. మన పల్లెల్లో ఈశ్వరి వేరు, గాడిదగడపాకు అని పిలిచేవి కూడా ఆ జాతి మొక్కలే. అందువల్ల చైనా మందైనా, నాటు మందైనా, పదార్థాల పేర్లు లేని పొట్లం ఇంట్లోకి రానివ్వకూడదని నేను గట్టిగా అంటున్నాను.

మీ వ్యాసాలు ఆపేయమని నేను కోరడం లేదు. షెన్ అన్న మాటను అలాగే ఉంచి దాని అర్థం ఒక్కసారి వివరించండి. కిడ్నీ జబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా ఈ ఆహార నియమాలు పాటించరాదని ప్రతి వ్యాసం కిందా కాదు, పైనే, పెద్ద అక్షరాలతో వేయండి. అచ్చుకు ముందు ఒక కిడ్నీ వైద్యుడికి చూపించండి. చైనా లెక్క ప్రకారం శీతకాలపు చివరి ఘట్టం ‘దాహన్’ జనవరి 20 ప్రాంతంలో వస్తుంది. అంతకుముందే సంక్రాంతికి ఊళ్లు వెళ్లినవారు ఇళ్లలో పెద్దవాళ్లకు మీ అనుబంధం చదివి వినిపిస్తారు కనుక, ఈ సవరణ భోగి లోపు వచ్చే సంచికలోనే వేయాలని ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
భవానీపురం, విజయవాడ